పనస చెట్టుకు జమానతు

మనుమరాలి లగ్గం పత్రికలు సంచిల ఏసుకోని మొన్న కరీంనగర్ నుంచి హుస్నాబాద్ పోయిన. "ఫోన్ల పంపితే అయిపాయె గదమ్మా, ఈ ఎండల ఏం తిరుగుతవ్" అన్నడు నా కొడుకు. వాని లెక్కల అయిపోతది, నా లెక్కల కాదు. నేను పుట్టి పెరిగిన వాడ అది. గడప గడపకు పోయి బొట్టువెట్టి పిలిస్తెనే పిలిచినట్టు. బస్సు దిగి మా సాలోల్ల వాడ మూల తిరిగిన్నో లేదో, పనస చెట్టు కండ్లవడ్డది. ఇండ్లన్ని స్లాబులైనయి, గల్లీ సిమెంటు రోడ్డైంది, ఏ ఇల్లు ఎవలదో నాకే పోల్చుకోరాకుంట అయింది. ఆ చెట్టు మాత్రం ఎన్నటిలెక్కనే గోడమీదికెల్లి తల బయటవెట్టి నిలవడ్డది. దాని కింద మంచమేసుకోని ఇద్దరు ముసలోళ్లు ముచ్చటవెట్టుకుంటున్నరు. ఒకామె లచ్చవ్వ వదినె, చిన్నప్పుడు మా పక్కింటామె, ఇప్పుడు ఎనభైకి దగ్గరవడ్డది. ఇంకోతి నర్సవ్వ, నా ఈడుదే, నాతోని గచ్చకాయలాడిన పిల్ల. మేనబావనే చేసుకోని ఇదే వాడల ఉండిపోయింది. నన్ను జూసి ఇద్దరు లేవబోయిండ్రు, మోకాళ్లు లేవనియ్యలే. నేనే పోయి మంచం మీద కూలవడ్డ.

పనస మా దిక్కు చెట్టు కాదు. మావన్ని ఏపలు, తుమ్మలు, తాళ్లు, సీతాఫలాలు. పనసకాయ ఎట్లుంటదో మా వాడల సగం మంది ఎరుగనే ఎరుగరు. లచ్చవ్వ వదినె మామ ఎప్పుడో భద్రాచలం పోయి, ఆడ ఎవలో పెట్టిన పనస తొనలు తిని, గింజలు ధోతి కొంగున ముడేసుకోని తెచ్చి వాకిట్ల పెట్టిండట. ఒక్కటి మొలిచింది. మొలిచినంక ఆయన ఎక్కువ దినాలు బతుకలే. అందుకే ఆయన పెండ్లాం ఎల్లవ్వ పెద్దమ్మకు ఆ చెట్టంటే పానం పానమే, కోపం కోపమే. "మొగడు పోయె, చెట్టును నా నెత్తిమీద పెట్టిపాయె" అని గునుక్కుంటనే, పొద్దుగాల మొకం కడుక్కున్న నీళ్లు దాని మొదట్లనే పోసేది. చెట్టు ఏపుగా పెరిగింది. ఆకులు నిగనిగలాడేటియి. కాత మాత్రం లేదు.

మా ఇంట్లనేమో కుంకుడు చెట్టు ఉండె. రెండిండ్ల నడుమ మట్టిగోడ, నడుము ఎత్తుకు రాదు. ఆదివారం వచ్చిందంటే వాడల ఆడోళ్లందరు మా ఇంటికే. మా అవ్వ కుంకుళ్లు కొట్టి కాగుల ఉడుకవెట్టేది, ఆ నురుగు వాసన, కట్టెల పొగ వాసన, తలకు రాసుకున్న నువ్వుల నూనె వాసన కలిసి మా వాకిలి వాకిలే ఒక తీరు ఉండేది. తలస్నానాలు మా కాడ, తల ఆరవెట్టుకునుడు పనస నీడల, వాళ్ల కాడ. మిగిలిన దినాలు పనే పని. ఎండ ఎక్కకముందే గల్లీ పొడుగూత పడుగు సాపి, మొగోళ్లు గంజి పట్టేటోళ్లు. మేము పిల్లలం దాని కిందికెల్లి ఉరికితే నూలు తెగుతదని ఎల్లవ్వ పెద్దమ్మ ఆకువక్క నములుకుంటనే బూతులందుకునేది. ఎండ ముదిరినంక మొగోళ్లు మగ్గం గుంతలల్ల దిగేటోళ్లు, ఆడోళ్లు రాట్నాల ముందు కండెలు చుట్టుకుంట కూసునేటోళ్లు. ఒక ఇంటి మగ్గం ఆగితే రెండిండ్ల అవుతలికి తెలిసేది. "ఏందే, మీ ఆయన పొద్దుగాల్నే పన్నడా?" అని అడిగేటోళ్లు. ఇప్పుడా వాడల ఒక్క మగ్గం లేదు. నేను బొట్టువెట్టుకుంట పోయిన ఇండ్లల్ల అంతట టీవీ చప్పుడే.

ఇగ ఎల్లవ్వ పెద్దమ్మ చెట్టును బెదిరిచ్చే ముచ్చట చెప్పాలె. కాయని చెట్టును ఊకె ఇడిసిపెట్టద్దు, దానికి ఇజ్జత్ తియ్యాలె, పానభయం పెట్టాలె అనేటోళ్లు. కొమ్మకు పాత చెప్పు, అరిగిన చీపురు కట్టేటోళ్లు. ఉగాది ఎల్లినంక వచ్చే ఆదివారం, వాడోళ్లంత చూస్తుండంగ, ఇంటి మొగోడు గొడ్డలి పట్టుకోని చెట్టు మీదికి పోవాలె. "కాస్తవా కాయవా? కాయకుంటివా, ఇయ్యాల నిన్ను నరికి పొయిలవెడత" అని గద్దరించి ఒక దెబ్బ ఎయ్యాలె. రెండో దెబ్బకు గొడ్డలి ఎత్తంగనే ఒక ఆడామె ఉరికొచ్చి అడ్డం నిలవడాలె. "ఆగు నాయినా, దీన్ని కొట్టకు. వచ్చే ఏడు కాస్తది, నేను జమానతు" అనాలె. అప్పుడాయన గొడ్డలి దించాలె. చెట్టు ఇదంత ఇంటదని, ఇని భయపడి కాస్తదని మా నమ్మకం. అట్ల పూచీ పడి జమానతు ఉండే ఆడామె పిల్లలు గల తల్లి అయ్యుండాలె. మా అవ్వకు ఇంటినిండ పిల్లలం గనుక ఏటేట ఆమెనే ఉండేది. చెట్టు ఏటేట మా అవ్వ మాట పోగొట్టేది. అవ్వకు అదో నామోషీ. "నీ పాడుగాను, నా ఇజ్జత్ తీస్తున్నవ్ గదనే" అని గోడ మీదికెల్లి దాన్ని తిట్టేది.

ఎల్లవ్వ పెద్దమ్మ ఒక్కగానొక్క కొడుకు మల్లేశన్న, ఆయన పెండ్లాం లచ్చవ్వ వదినె. మల్లేశన్న నోట్లకెల్లి నాలుగు మాటలు వస్తే ఆ దినం పండుగ. నేత మాత్రం నేసిండంటే అద్దమే. వదినె అట్ల కాదు, నవ్వితే మా ఇంట్లకు ఇనవడేది. మాకు కండెలు చుట్టుడు నేర్పింది ఆమెనే. నా జడ సుతం ఆమెనే ఏసేది, మా అవ్వకు తీరిక ఏడిది? పెండ్లయి ఏండ్లు గడిచినా వాళ్లకు పిల్లలు కాలే. మొదట మొక్కులు, తర్వాత తాయెత్తులు, అటెన్క ఎల్లవ్వ పెద్దమ్మ దెప్పిపొడుపులు. "ఇంట్ల ఒక గొడ్డు, వాకిట్ల ఒక గొడ్డు. నా కర్మకు రెండూ నాకే దొరికినయి" అనేది, వదినె ఇనంగనే. వదినె నవ్వు మాకు ఇనవడుడు తగ్గింది. ఒకనాడు ఎల్లవ్వ పెద్దమ్మ కొత్త చీర కట్టుకోని చెన్నూరు పోయొచ్చింది. ఆడ సుట్టపోళ్లల్ల ఒక పిల్లను జూసొచ్చిందని, కొడుక్కు రెండో లగ్గం చేస్తదని మాపటీలికి వాడంత తెలిసింది. రెండో పిల్ల వస్తే లచ్చవ్వ వదినె ఆ ఇంట్ల ఉంటదా, తల్లిగారింటికి పోతదా అని ఆదివారం కుంకుళ్ల కాడ ఇదే ముచ్చట. నేనైతే జడ ఏసుకోకుంట రెండు దినాలు అలిగిన. ఎవల మీద అలిగిన్నో నాకే తెల్వదు. వదినె పోతదంటే నాకు కండ్లల్ల నీళ్లు ఆగకపోయేది.

ఆ ఏడే, ఆ పరేషాన్ల నడుమనే, చెట్టును బెదిరిచ్చే ఆదివారం వచ్చింది. వాడోళ్లంత తలలు ఆరవెట్టుకుంట పనస కింద జమైండ్రు. మల్లేశన్న గొడ్డలి పట్టుకోని వచ్చిండు గనీ మాట రాలే. "అనురా, ఏంది మొద్దులెక్క నిలవడ్డవ్? గొడ్డు చెట్టా అను, నరుకుత అను" అని తల్లి ఎనకకెల్లి అదిలించింది. ఆయన నోరు తెరిచి మల్ల మూసుకున్నడు. అందరు నవ్విండ్రు. "కొత్త పెండ్లికొడుకు సిగ్గువడుతుండు" అని ఎవలో అన్నరు. ఇంకింత నవ్విండ్రు. ఆయన మొకం నల్లగైంది. ఏమనుకుంట, ఎట్ల కొట్టిండో గనీ దెబ్బ గట్టిగ వడ్డది, బెరడు చీలి తెల్లటి పాలు కారినయి. ఉత్తగ తాకిచ్చుడే గదా రివాజు, గంత దెబ్బ మేమెన్నడు సూడలే. రెండో దెబ్బకు గొడ్డలి లేసింది. మా అవ్వ కొంగు చెక్కుకోని ముందుకు రాబోయింది. ఆమె కంటె ముందుగాల లచ్చవ్వ వదినె, తడి జుట్టు ఇరబోసుకున్నది ఇరబోసుకున్నట్టే, ఉరికొచ్చి చెట్టును రెండు చేతుల పట్టుకున్నది.

పిల్లలు లేని మనిషి జమానతు ఉండుడేంది? మా అవ్వ ఆడనే ఆగిపోయింది. వదినె చెప్పాల్సిన మాట సుతం చెప్పలే. "వచ్చే ఏడు కాస్తదని నేను జమానతు ఇయ్యను" అన్నది. "కాస్తే కాస్తది, కాయకుంటే కాయకపాయె. నాకు ఇది కావాలె. దీన్ని కొట్టకుండ్రి, దీన్ని ఏమనకుండ్రి." చెట్టు దిక్కు చూసి కాదు, మల్లేశన్న దిక్కు చూసి అన్నది. ఆయన గొడ్డలి కింద ఇడిసి, ఎవల మొకం చూడకుంట పోయి మగ్గం గుంతల కూసున్నడు. మగ్గం చప్పుడు మాత్రం రాలే. జరసేపటికి తల్లిని లోపలికి పిలిచిండు, తలుపు దగ్గరికేసిండు. ఎల్లవ్వ పెద్దమ్మ బయటికొచ్చినప్పుడు కొంగుతోని మొకం తుడుసుకుంటున్నది. ఎవలేమడిగినా పలుకలే. ఆ వారంలనే చెన్నూరుకు మనిషిని పంపి ఆ సంబంధం వద్దని చెప్పిచ్చింది. కొమ్మకు కట్టిన చెప్పు, చీపురు ఆమెనే ఇప్పి పారేసింది. ఇగ మల్ల ఎన్నడు చెట్టును బెదిరియ్యలే.

అంతకంటె ఇచ్చంత్రం ఏందంటే, ఆదివారం ఆదివారం కోడలికి తలకు నూనె పెట్టుడు మొదలువెట్టింది ఎల్లవ్వ పెద్దమ్మ. కోడలిని ముందట కూసోవెట్టుకోని, పాయ పాయ తీసి, సల్లగ మర్దన చేసేది. వాడంత నోరు తెరిచి చూసింది. కోడలి మాటకు అత్త మనసు కరిగిందని కొందరు, కొడుకు ఎదురుతిరిగి రెండో లగ్గం వద్దన్నడని కొందరు. మల్లేశన్న పేరు మాత్రం వాడల మారుమోగింది. పెండ్లాన్ని ఇడిసిపెట్టని మొగోడంటే అట్లుండాలె అని ఆడోళ్లంత తమ పెనిమిటులను దెప్పేటోళ్లు. మా బాపుకు సుతం ఆ దెప్పుళ్లు బాగనే వడ్డయి. లచ్చవ్వ వదినె పేరు మాత్రం ఎక్కడున్నది అక్కడనే. గొడ్రాలు అన్న మాట ఎవలూ మర్సిపోలే. పురుడైన ఇంటికి ఆమెను పిలిచేటోళ్లు కాదు. పొద్దుగాల ఎదురొస్తే, ఏదో మర్సిపోయినట్టు ఎనుకకు మల్లేటోళ్లు.

చెట్టు కాసింది. ఎల్లవ్వ పెద్దమ్మ పోయినంక, అందరు ఆశ ఇడిసినంక, మొదట్ల ఒక్క కాయ వడ్డది. నేను అప్పటికి పిల్లల తల్లిని, పండుగకు తల్లిగారింటికొచ్చి ఉన్న. వాడంత వచ్చి దాన్ని తడిమి తడిమి చూసింది. ఎండకాలం అది పండినంక, నేను మల్ల పోయినప్పుడు, మల్లేశన్న కత్తి తెచ్చి కోసిండు. చేతులకు, కత్తికి నూనె రాసుకోవాలని మాలో ఎవలకు తెలుసు? బంక పట్టుకున్నది. చేతులకు, చీర కొంగులకు, పిల్లల జుట్టుకు. ఆఖరికి ఎవలో ఆ చేతులతోనే పడుగు ముట్టుకుంటే పోగులన్ని అతుక్కపోయినయి. మల్లేశన్న పడుగంత పాడైంది. ఆ దినం ఆయన పడీ పడీ నవ్విండు. ఆయన గంత నవ్వంగ నేను సూసింది అదొక్కసారే. తొనలు పీసు పీసుగ ఉన్నయి గనీ వాసన మాత్రం గల్లీ దాటి పోయింది.

గీ ముచ్చట్లన్నీ మంచం మీద కూసోని మల్ల తవ్వుకున్నం. మల్లేశన్న పోయి ఇంకా ఏడాది మాసికం కాలే. నర్సవ్వకు ఆయన పేరెత్తితే నోరాగదు. "ఏమన్నా అను సరూ, మల్లేశన్న అసొంటి మొగోడు ఈ జన్మల పుట్టడు. పిల్లలు కాని ఆడదాన్ని గంత కడుపుల పెట్టుకోని చూసిండు. ఇంకోడైతే ఎన్నడో ఎల్లగొడుతుండె" అన్నది. నేను కరీంనగర్ ముచ్చట చెప్పిన. ఇప్పుడు మా దిక్కు ఏ గల్లీల చూసినా పిల్లలు కానోళ్ల దవఖానల బోర్డులే, పెండ్లాం మొగడు ఇద్దరిని ఒక్కసారే రమ్మంటరు, ఇద్దరికి పరీక్షలు చేస్తరు అన్న. లచ్చవ్వ వదినె రాలిన ఆకు ఒకటి చేతులల్ల పట్టుకోని నలుపుకుంట ఇంటున్నది. "అప్పుడు సుతం చేసిండ్రు" అన్నది.

నాకు సమజ్ కాలే. "ఏం చేసిండ్రు వదినె?"

"పరీక్షలే. మా అత్త చెన్నూరు పిల్లను జూసొచ్చిందా, దానికి ముందుగాల్నే మేమిద్దరం కరీంనగర్ పోయినం. బట్టలు అమ్మనీకి పోతున్నమని చెప్పి దవఖానకు పోయినం. నా దగ్గర ఏం లోపం లేదన్నరు. ఆయన దగ్గరనే అన్నరు. ఇగ పిల్లలు కారన్నరు." ఆమె గొంతు మారలే, కూర ముచ్చట చెప్పినట్టే చెప్పింది. "బస్సుల వస్తుంటె ఆయన కిటికి దిక్కు మొకం పెట్టుకోని కూసున్నడు. నేనే అన్న, నేను ఎవలకు చెప్పను, నువ్వు ఫికర్ చెయ్యకు అని. గాయనకు గా మాట సుతం ఇనవడ్డదో లేదో."

వదినె చెప్పుకుంటనే పోయింది. "గా ఆదివారం మా అత్త ఆయన చేతికి గొడ్డలిచ్చి, గొడ్డు చెట్టా అను, నరుకుత అను అన్నది సూడు. ఆయన నోట్లకెల్లి మాట ఎట్లొస్తది? మీరంత నవ్విండ్రు. నాకు మాత్రం ఆయన మొకం జూస్తె పానం ఆగలే. నేను చెట్టుకు జమానతు ఉండలే పిల్లా. కాయకున్నా నాకు కావాలె అన్నది ఆయన్ని." కండ్లు తుడుసుకుంటదేమో అని చూసిన. తుడుసుకోలే. "లోపలికి పోయి వాళ్లవ్వకు ఆయనే చెప్పిండు, నేను చెప్పుమనలే. మా అత్త బయటికొచ్చి నా చేతులు పట్టుకున్నది. ఊరికి తెల్వనియ్యకు బిడ్డా, నా కొడుకు తలెత్తుకోలేడు అన్నది."

నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. "మరి నీ తలనో? ఇన్నేండ్లు నీ తల వంచుకున్నవ్ గద వదినె! వాడంత నిన్ను గొడ్రాలు అంటిమి, ఆయన్ని దేవునిలెక్క చూస్తిమి!" అని అరిచిన. చచ్చిపోయినాయన మీద, ఆ నూనె పెట్టిన అత్త మీద, ఒక్కనాడు అడుగని మా అందరి మీద కోపం. వదినె నవ్వింది. చిన్నప్పుడు గోడ అవుతలికెల్లి ఇనవడ్డ నవ్వే. "నా తలకు మా అత్త నూనె పెట్టింది గదా. అరవకే. మీరు ఆయన్ని మంచోడు అన్నప్పుడల్ల నాకు సంబురమే అయ్యేది. మంచోడే గదా ఆయన. రెండో పిల్లను తెచ్చుకుంటె లోకం ఆయన్ని ఏమనకపోతుండె, లోపం నాదే అనుకునేది. ఆయన తెచ్చుకోలే. వాళ్లవ్వ ముందల నిజం చెప్పిండు. గంత చాలు నాకు."

ఆమెకు చాలునేమో. నాకు చాలలే. నా లగ్గం యాదికొచ్చింది. మా వాకిట్ల రోలు పెట్టి, వాడల పేరంటాండ్లంత పసుపు దంచుతుంటె, నా జడలేసి పెంచిన లచ్చవ్వ వదినె కొత్త చీర కట్టుకోని గోడ దాటి వచ్చింది. మా అవ్వ ఎదురువోయి, "లచ్చవ్వా, జర మా కండెలు తక్కువవడ్డయి, నువ్వు మీ ఇంట్ల కూసోని చుట్టిపెట్టవా" అన్నది. లగ్గం ఇంట్ల కండెలెందుకు? అందరికి తెలుసు ఎందుకో. వదినె సరే అని తిరిగి పోయింది. మా అవ్వ చెడ్డది కాదు. నా మీది పావురంతోనే, నా కాపురం సల్లగుండాలనే అట్ల చేసింది. ఇయ్యాల ఉంటె వదినె చేతులు పట్టుకోని ఏడ్చేది.

"వదినె," అన్న, "వచ్చే శుక్రవారం మా మనుమరాలికి పసుపు దంచుతం. మొదటి పోటు నువ్వు ఎయ్యాలె."

నర్సవ్వ బెదిరిపోయింది. "ఓ సరూ, నీకేమన్న పిచ్చి లేసిందానే? పిల్లలు లేని మనిషి, ఇప్పుడు పెనిమిటి సుతం లేని మనిషి. పిల్ల అత్తగారోళ్లు ఏమనుకుంటరు? రేపు ఏమన్న అయితే నీ నెత్తినే రుద్దుతరు" అన్నది.

"రుద్దనీ" అన్న. "నా నెత్తి నాది. ఎవలన్న అడిగితే చెప్త, మా పిల్ల కాపురం మా లచ్చవ్వ వదినె కాపురం లెక్క ఉండాలని పిలిచిన అని. ఇంతకంటె మంచిగ కాపురం చేసినామెను చూపెట్టుమను, ఆమెను పిలుస్త."

లచ్చవ్వ వదినె తల అడ్డం ఊపింది. "వద్దు తియ్యి పిల్లా. ఇన్నేండ్లు లేనిది ఇప్పుడెందుకు? అక్షింతలేసి, బువ్వ తిని వస్త." నేను పత్రిక ఆమె ఒడిలవెట్టి లేవలే, ఆడనే కూసున్న. వదినె తన చేతులు చూసుకున్నది. నూలు లాగి లాగి వేళ్లు వంకరపోయినయి. "ఇంట్ల కూరకు దంచుకున్న గనీ" అన్నది మెల్లగ, "లగ్గం పసుపు నేనెన్నడు ముట్టలే. ముందుగాల ఏం చెయ్యాల్నో, రోకలి ఎట్ల ఎత్తాల్నో నాకు తెల్వదు. ఎవలన్న రానిచ్చిండ్రా?"

నేను నర్సవ్వ దిక్కు చూసిన. నర్సవ్వ నేల దిక్కు చూసింది. మంచం మీద ముందుకు జరిగి, వదినె రెండు చేతులు తన చేతులల్లకు తీసుకున్నది. "రోలుకు బొట్టు పెట్టాలె, రోకలికి కంకణం కట్టాలె. నేను పక్కనే నిలవడుత, నువ్వు భయపడకు" అన్నది. "పాట ఎత్తుకున్నంకనే పోటు ఎయ్యాలె. నీకు పాట వస్తదానే వదినె?"

"పాట వస్తది" అన్నది లచ్చవ్వ వదినె. "అందరి లగ్గాలకు గోడ ఇవుతల కూసోని ఇన్న గదా."